కోడ్ రాయడం తేలికైంది.. కాసేదెవరు?

సాయంత్రం తోచిన ఆలోచన తెల్లారేసరికి యాప్ అవుతున్న రోజులివి. అది పదేళ్ల తర్వాతా పనిచేస్తుందా? అందులో మనం రాసుకున్నది మనకు దక్కుతుందా? కొత్త సాఫ్ట్‌వేర్ గురించీ, కొత్త స్టార్టప్‌ల గురించీ ఓ ప్రోగ్రామర్ ఆలోచనలు.

మీ ఫోన్‌లోని కాంటాక్టులు, వాట్సాప్ సందేశాలు, నిన్న రాత్రి బ్రౌజర్‌లో చూసిన పేజీల జాబితా... వీటన్నిటినీ భద్రపరిచే సాఫ్ట్‌వేర్ ఒక్కటే. పేరు ఎస్‌క్యూలైట్. ఆండ్రాయిడ్ అయినా ఐఫోన్ అయినా అది లేకుండా మార్కెట్‌లోకి రాదు. ప్రపంచంలో వాడుకలో ఉన్న ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌లు లక్ష కోట్లకు పైనే ఉంటాయని దాన్ని తయారుచేసినవాళ్ల అంచనా. ఇంత భారాన్ని మోస్తున్నది వేలమంది ఉద్యోగులున్న కంపెనీ కాదు. రిచర్డ్ హిప్ అనే అమెరికన్ ప్రోగ్రామర్, ఆయనతో పాటు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మంది.

2000లో హిప్ అమెరికా నౌకాదళపు డిస్ట్రాయర్ నౌక ఒకదానికి సాఫ్ట్‌వేర్ రాసే పనిలో ఉన్నారు. ఆ ప్రోగ్రాం తనకు కావాల్సిన సమాచారాన్ని వేరే డేటాబేస్ సర్వర్‌ను అడిగి తెచ్చుకోవాలి. సర్వర్ పడిపోతే హిప్ రాసిన ప్రోగ్రాం తెర మీద ‘డేటాబేస్ అందడం లేదు’ అని చూపించి ఊరుకునేది. లోపం సర్వర్‌ది, ఫిర్యాదు వచ్చేది ఈయనకు. అసలు మధ్యలో సర్వర్ ఎందుకు, డిస్కు మీదున్న ఫైలును నేరుగా చదువుకుంటే సరిపోదా అనుకున్నారు. ఆ ఏడాది ఆగస్టుకల్లా తొలి వెర్షన్ బయటికొచ్చింది. ఆ తర్వాత దాని మీద హక్కులన్నీ వదులుకున్నారు. ఎవరైనా తీసుకోవచ్చు, ఎలాగైనా వాడుకోవచ్చు.

ఈ కథలో నన్ను ఆకట్టుకునేది ఆ మొదటి రోజులు కావు, తర్వాత గడిచిన పాతికేళ్లు. అసలు కోడ్ కన్నా దాన్ని పరీక్షించడానికి రాసిన కోడ్ దాదాపు 590 రెట్లు ఎక్కువ. కొత్త వెర్షన్ విడుదల చేసిన ప్రతిసారీ ఆ పరీక్షలన్నీ దాటాల్సిందే. ఎస్‌క్యూలైట్ ఫైలు రూపాన్ని పాడుచేయకుండా 2050 దాకా చూసుకుంటామని వాళ్లు రాతపూర్వకంగా చెప్పారు. దీర్ఘకాలం దాచదగ్గ ఫైలు రూపాల్లో ఒకటిగా అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దీన్ని సిఫార్సు చేస్తోంది. కొత్త టూల్ ఏదొచ్చినా నేను ముందుగా చూసే విషయాలు ఇక్కడ నేర్చుకున్నవే. మధ్యలో ఎన్ని సర్వర్లు ఉన్నాయి, నా డేటా ఏ రూపంలో బయటికి తీసుకోగలను, పదేళ్ల తర్వాత దీన్ని కాసేవాళ్లెవరు. వేగం, అందం, ధర అన్నీ ఆ తర్వాతే.

రాసేది యంత్రం, జవాబు చెప్పేది మనిషి

కోడ్ రాయడంలో సాయపడే ఏఐ టూల్ గిట్‌హబ్ కోపైలట్ తొలిసారి ప్రోగ్రామర్ల చేతికొచ్చింది 2021 జూన్‌లో. అప్పట్లో అది మన వాక్యాన్ని పూర్తిచేసే సాయం మాత్రమే. 2025 ఫిబ్రవరికల్లా ఏఐ పరిశోధకుడు ఆంద్రే కర్పాథీ ‘వైబ్ కోడింగ్’ అనే పేరు పెట్టేంత దూరం వచ్చేశాం. కోడ్ వైపు చూడకుండా, ఏం కావాలో మామూలు మాటల్లో చెబుతూ, యంత్రం ఇచ్చింది ఇచ్చినట్టే తీసుకుంటూ పోవడమన్నమాట. ఇప్పుడు మాదాపూర్‌లో డిగ్రీ చదివే కుర్రాడు కూడా ఒక సాయంత్రంలో లాగిన్, చెల్లింపులు, నోటిఫికేషన్లతో సహా వెబ్‌సైట్ నిలబెట్టేస్తున్నాడు.

దీన్ని నేను మనస్ఫూర్తిగా స్వాగతిస్తున్నాను. ప్రోగ్రామింగ్ భాష రాదన్న ఒకే కారణంతో ఎన్నో మంచి ఆలోచనలు నోటు పుస్తకాల్లోనే ఉండిపోయాయి. ఆ గోడ ఇప్పుడు కూలింది. చేతిపనులు చేసే మహిళా సంఘానికి, చిన్న ఆస్పత్రికి, ఊరి గ్రంథాలయానికి తమకు సరిపడే సాఫ్ట్‌వేర్ తామే చేసుకునే వీలు కలిగింది. అది చిన్న విషయం కాదు.

అయితే మా వృత్తిలో కోడ్ రాయడం ఎప్పుడూ పనిలో చిన్న భాగమే. పెద్ద భాగం ఆ తర్వాత ఉంటుంది. 2025 సెప్టెంబరు 22నే తీసుకోండి. ఆ రోజు నుంచి జీఎస్టీ శ్లాబులు మారాయి. 12, 28 శాతం పోయి ప్రధానంగా 5, 18 మిగిలాయి. దేశంలో బిల్లు కొట్టే ప్రతి సాఫ్ట్‌వేరూ ఆ తేదీకల్లా మారాల్సి వచ్చింది. రేటు మార్చడం ఒక్క వరుస పని. కానీ ఆ తేదీకి ముందు కొట్టిన బిల్లును మళ్లీ ప్రింటు తీస్తే పాత రేటే కనిపించాలి. రేటు ఒక్కటే దాచి, అది ఎప్పటి నుంచి ఎప్పటి దాకా వర్తిస్తుందో దాచని ప్రోగ్రాం అయితే పాత బిల్లులన్నీ తప్పుల తడకలవుతాయి. ఒక్క సాయంత్రంలో పుట్టిన బిల్లింగ్ యాప్‌లో ఈ జాగ్రత్త ఉందో లేదో, దాన్ని చేయించుకున్నవాళ్లు లోపల ఏముందో చదవకపోతే ఎలా తెలుస్తుంది?

అందుకే కొత్త టూల్స్‌లో నేను ఎదురుచూసేవి ఇంకా వేగంగా కోడ్ రాసేవి కావు. ఉన్న కోడ్ ఏం చేస్తోందో, ఎందుకలా చేస్తోందో, ఫలానా వరుస తీసేస్తే ఎక్కడెక్కడ దెబ్బ తగులుతుందో మనిషికి అర్థమయ్యేలా చూపించేవి. ఆ వైపు చేయాల్సిన పని కొండంత ఉంది. ఒక పాత సహకార బ్యాంకు సాఫ్ట్‌వేర్‌ను చదివి, అందులోని వడ్డీ లెక్కల నియమాలను మేనేజరుకు తెలుగులో వివరించగల టూల్ ఎవరైనా తెస్తే మొదట చందా కట్టేది నేనే.

అర సెకను ఆలస్యం

2024 మార్చి నెలాఖరు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు లినక్స్ యంత్రంలోకి లాగిన్ అవడానికి మామూలుకన్నా అర సెకను ఎక్కువ పడుతోందని గమనించారు. అర సెకనే కదా అని వదిలేసేవాళ్లే లోకంలో ఎక్కువ. ఆయన వదల్లేదు. కారణం వెతుక్కుంటూ పోగా ఎక్స్‌జెడ్ అనే చిన్న లైబ్రరీ దగ్గర తేలింది. ఫైళ్లను కుదించడం తప్ప దానికి వేరే పని లేదు. దాని 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో దొంగదారి పెట్టారు. దానికి సరిపోయే తాళంచెవి తమ దగ్గరున్నవాళ్లు ఆ యంత్రంలో తమకిష్టమైన ఆదేశాలు నడిపించుకోవచ్చు. పెద్ద పెద్ద లినక్స్ విడుదలల్లోకి అది ఎక్కే లోపే బయటపడింది కాబట్టి ప్రపంచానికి గండం గడిచింది.

ఆ లైబ్రరీని ఏళ్ల తరబడి చూసుకుంటూ వచ్చింది ఒకే ఒక్క మనిషి. జీతం లేదు. ఖాళీ సమయంలో చేసే పని. మానసికంగా ఇబ్బంది పడుతున్నానని ఆయన బహిరంగంగానే చెప్పుకున్నారు. ఆ రోజుల్లోనే ‘జియా టాన్’ అనే పేరుతో ఎవరో సాయం చేస్తామంటూ చేరారు. రెండేళ్లకు పైగా నిజంగానే మంచి మార్పులు చేసి నమ్మకం సంపాదించాక అందులో విషం కలిపారు. వేరే పేర్లతో ఇంకొందరు ‘పని ఆలస్యమవుతోంది, బాధ్యత వేరేవాళ్లకు అప్పగించు’ అంటూ ఆ మనిషి మీద ఒత్తిడి తెచ్చారు. నాకు ఈ ఉదంతంలో అన్నిటికన్నా కలతపెట్టిన భాగం అదే. దాడి మొదలైంది కోడ్ మీద కాదు, ఒక మనిషి ఒంటరితనం మీద.

ఇలాంటి పునాదిరాళ్లు వేలల్లో ఉన్నాయి. 2016 మార్చిలో లెఫ్ట్‌ప్యాడ్ అనే 11 వరుసల ప్యాకేజీని దాని రచయిత వెనక్కి తీసుకుంటే ప్రపంచవ్యాప్తంగా జావాస్క్రిప్ట్ ప్రాజెక్టులు కొన్ని గంటల పాటు నిర్మాణం మధ్యలో ఆగిపోయాయి. యంత్రాలు రాసే కొత్త కోడ్ కూడా ఈ రాళ్ల మీదే నిలబడుతోంది. పైగా వాటిని కాసేవాళ్లకు కొత్త బరువు వచ్చిపడింది. ఇంటర్నెట్ నుంచి డేటా తెచ్చుకునే దాదాపు ప్రతి పరికరంలోనూ కనిపించే ‘కర్ల్’ టూల్‌ను కాసే డేనియల్ స్టెన్‌బర్గ్, ఏఐతో రాయించి పంపే ఉత్తుత్తి లోపాల నివేదికలు తమ సమయాన్ని మింగేస్తున్నాయని 2024 నుంచీ చెబుతూ వచ్చారు. నివేదిక తయారుచేయడానికి నిమిషం చాలు. అది అబద్ధమని తేల్చడానికి అనుభవజ్ఞుడైన ఇంజినీరుకు ఒక పూట పడుతుంది.

షేర్ల లావాదేవీలు చూసే జెరోధా కంపెనీ 2024 అక్టోబరులో ప్రకటించిన ఫ్లాస్ ఫండ్ నాకు ఊరటనిచ్చిన వార్త. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులకు ఏటా 10 లక్షల డాలర్లు. లాభం ఎంత వస్తుంది, కంపెనీలో వాటా ఎంత అని అడగకుండా ఇచ్చే డబ్బు. మన దేశంలో ఐటీ ఎగుమతులు ఇన్ని లక్షల కోట్లని ఏటా చెప్పుకుంటాం. ఆ ఎగుమతుల్లో ఎక్స్‌జెడ్ లాంటివి ఎన్నున్నాయో లెక్కగట్టి, అందులో వీసమెత్తు వాటినే కాసేవాళ్లకు ఇవ్వాలని హైదరాబాద్‌లోని కంపెనీలనూ అడగాలి. దానం అడగడం లేదు. మన ఇంటి పునాది మరమ్మతు ఖర్చే అది.

మన ఫైలు మన దగ్గరే

బ్లాగులూ వార్తలూ ఒకేచోట చదివించిన గూగుల్ రీడర్ 2013 జులై 1న మూతపడింది. మొబైల్ యాప్‌లకు వెనక ఉండే సర్వర్ పని చూసిపెట్టిన పార్స్‌ను ఫేస్‌బుక్ కొనుక్కుని 2017 జనవరిలో ఆపేసింది. విద్యార్థులూ చిన్న స్టార్టప్‌లూ తమ మొదటి వెబ్‌సైట్ పెట్టుకున్న హెరోకూ ఉచిత సేవ 2022 నవంబరులో ముగిసింది. పార్స్ విషయంలో ఒక మంచి పని జరిగింది. మూసేముందు ఏడాది గడువిచ్చి, సర్వర్ కోడ్‌ను అందరికీ విడుదల చేశారు. నడిపించుకోగలిగినవాళ్లు తమ యంత్రాల మీద నడిపించుకున్నారు. కంపెనీ మూతపడటం నేరం కాదు. ఎలా మూసిందన్నదే మర్యాద.

హెరోకూ స్థాపకుల్లో ఒకరైన ఆడమ్ విగిన్స్ ఆ తర్వాత చేసిన పని ఇక్కడ చెప్పుకోవాలి. 2019లో ఇంక్ అండ్ స్విచ్ అనే పరిశోధన బృందం తరఫున మార్టిన్ క్లెప్‌మన్, మరికొందరితో కలిసి ఆయన ‘లోకల్ ఫస్ట్’ సాఫ్ట్‌వేర్ గురించి ఓ వ్యాసం రాశారు. అసలు ప్రతి మన పరికరంలోనే ఉండాలి, సర్వర్‌లో ఉండేది నకలు మాత్రమే అన్నది అందులోని వాదన. క్లౌడ్‌ను జనానికి దగ్గర చేసినవాళ్లలో ఒకరే ఆ మాట చెప్పడం వల్ల నాకు దాని బరువు ఇంకా ఎక్కువగా అనిపించింది.

ఇది కోరిక మాత్రమే కాదు, సాంకేతికంగా ఇప్పుడు సాధ్యమే. ఇద్దరు మనుషులు సిగ్నల్ లేని చోట ఒకే లెక్కలో వేర్వేరు మార్పులు చేసినా, తర్వాత నెట్ తగిలినప్పుడు ఎవరి రాతా పోకుండా రెండూ కలిసి ఒకే ఫలితం వచ్చే గణిత పద్ధతులు 2011 నుంచీ ఉన్నాయి. వాటిని సీఆర్‌డీటీలంటారు. ఆటోమెర్జ్, వైజేఎస్ లాంటి లైబ్రరీలు వాటిని ఉచితంగా అందిస్తున్నాయి. మరోవైపు బ్రౌజర్ కూడా మారిపోయింది. 2017లో ప్రధాన బ్రౌజర్లన్నిటిలోకీ వచ్చిన వెబ్ అసెంబ్లీ వల్ల సీ ప్లస్‌ప్లస్ లాంటి భాషల్లో రాసిన బరువైన ప్రోగ్రాములు బ్రౌజర్‌లోనే నడుస్తున్నాయి. డిజైనర్లు వాడే ఫిగ్మా ఆ ఏడాది దీనికి మారి, తెరుచుకునే సమయాన్ని మూడో వంతుకు తగ్గించుకుంది. 2022 నుంచి ఎస్‌క్యూలైట్ కూడా అధికారికంగా బ్రౌజర్ లోపల నడుస్తోంది. ఒక యుద్ధనౌకలో సర్వర్ పడిపోయిందన్న చికాకులోంచి పుట్టిన డేటాబేస్ ఇప్పుడు వెబ్ పేజీకి కూడా సర్వర్ లేకుండా బతికే వీలిస్తోంది.

బస్సు దొరకని పండగ

స్టార్టప్ ఆలోచన ఎక్కడ దొరుకుతుందని కాలేజీ పిల్లలు అడుగుతుంటారు. ఫణీంద్ర సామ కథ చెబుతాను. 2005 దీపావళికి బెంగళూరు నుంచి సొంతూరికి వెళ్లడానికి ఆయనకు బస్సు టికెట్ దొరకలేదు. మనలో ఎంతమందికి దొరకలేదో! ఆయన మాత్రం ఎందుకు దొరకలేదో తెలుసుకోవడానికి ఏజెంట్ల దగ్గరికి, బస్సుల యజమానుల దగ్గరికి వెళ్లారు. సీట్లు లేక కాదు, ఏ బస్సులో ఏ సీటు ఖాళీగా ఉందో ఎవరికీ పూర్తిగా తెలియక. అంతా ఫోన్ల మీద, కాగితాల మీద నడిచేది. స్నేహితులతో కలిసి 2006లో రెడ్‌బస్ మొదలుపెట్టారు. 2013లో ఐబిబో గ్రూపు దాన్ని కొనుక్కుంది. పోస్ట్‌మ్యాన్ పుట్టుక కూడా అలాంటిదే. ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఏపీఐలను పరీక్షించడం రోజూ తనకే ఇబ్బందిగా ఉందని అభినవ్ ఆస్థానా చేసుకున్న చిన్న బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ అది. 2012లో ఉచితంగా పెట్టారు. కంపెనీ అయింది 2014లో.

నన్నడిగితే ఈ రోజున అలాంటి చోటు భీమవరం, ఆకివీడు, కైకలూరు చుట్టుపక్కల చెరువుగట్ల మీద ఉంది. వనామీ రొయ్యల సాగులో మేత ఖర్చే అన్నిటికన్నా ఎక్కువ. చెక్ ట్రేలో ఎంత మేత మిగిలిందో చూసి తర్వాతి పూట ఎంత వేయాలో తేల్చుకుంటారు. రాత్రి పూట నీటిలో ఆక్సిజన్ తగ్గుతూ పోయి తెల్లవారుజామున అడుగంటుతుంది. కారణం సులువే. ఎండ లేనప్పుడు నీటిలోని నాచు ఆక్సిజన్ తయారుచేయదు, కానీ రొయ్యలతో పాటు తానూ పీల్చుకుంటుంది. ఆ వేళ కరెంటు పోయి ఏరేటర్లు ఆగితే పంటే పోవచ్చు. చివరికి అమ్మకం కౌంట్ మీద. కిలోకు వంద తూగితే 100 కౌంట్, ముప్పై తూగితే 30 కౌంట్, దాన్ని బట్టే ధర. ఈ లెక్కలన్నీ చాలాచోట్ల గట్టు మీది షెడ్డులో నోటు పుస్తకంలో ఉంటాయి. చెరువు దగ్గరుండే మనిషి ఒకరు, టెక్నీషియన్ ఇంకొకరు, డబ్బు పెట్టిన యజమాని టౌనులో. ముగ్గురి చేతిలోనూ ఫోన్లున్నాయి. సిగ్నల్ మాత్రం ఉన్నప్పుడే ఉంటుంది.

దీనికి యాప్‌లు లేవని కాదు, వచ్చాయి. మేత అమ్మడానికో అప్పివ్వడానికో దారిగా డేటాను తమ దగ్గరికి లాక్కునే పద్ధతి వాటిలో ఎక్కువ. నేను చూడాలనుకునేది వేరే. ముగ్గురి ఫోన్లలోనూ పూర్తి లెక్క ఉంటుంది, నెట్ లేకపోయినా రాసుకోవచ్చు, తగిలినప్పుడు కలుస్తుంది. నోటితో తెలుగులో చెబితే ఎక్కుతుంది. చందా నెలకు కాకుండా పంటకు ఇంతని. కంపెనీ రేపు మూతపడినా రైతు చేతిలో ఒక ఎస్‌క్యూలైట్ ఫైలు మిగులుతుంది, దాన్ని ఏ కుర్రాడైనా తెరిచి చూపించగలడు. ఈ హామీని మొదటి రోజే కాగితం మీద రాసిచ్చే స్టార్టప్‌కు గోదావరి జిల్లాల్లో నమ్మకం దొరుకుతుందని నా విశ్వాసం. పెట్టుబడి పెట్టేవాళ్లకు ఇది నచ్చకపోవచ్చు. డేటాను బంధించడమే తమ బలమనుకునే కంపెనీలే వాళ్లకు ఎక్కువగా కనిపిస్తుంటాయి. అయినా కోడ్ రాయడానికి ఇరవైమంది అవసరం లేని ఈ రోజుల్లో ఇద్దరు ముగ్గురు, ఎవరి పెట్టుబడీ లేకుండానే దీన్ని నిలబెట్టగలరు.

‘రైతు’ అని వెతికితే...

అలాంటి యాప్ చేయబోయేవాళ్లు తెలుగు దగ్గర తప్పకుండా ఆగాలి. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అన్న ఒక్క తెలుగు అక్షరంతో కూడిన సందేశం వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ఆపిల్ కొద్ది రోజుల్లోనే సరిదిద్దింది. అది పెద్ద వార్త అయింది కాబట్టి అందరికీ తెలిసింది. వార్త కానివి ఇంకా చాలా ఉన్నాయి. ‘శ్రీ’ మనకు ఒక అక్షరం. కంప్యూటర్‌కు అది శ, పొల్లు, ర, గుడిదీర్ఘం అనే నాలుగు సంకేతాలు, 12 బైట్లు. ఇలాంటి సంయుక్తాక్షరాన్ని మధ్యలో విరగ్గొట్టకుండా ఒకటిగా లెక్కించే నియమం యూనికోడ్ ప్రమాణంలోకి వచ్చింది 2023 సెప్టెంబరులోనే, 15.1 వెర్షన్‌తో.

ఏఐలోనూ అంతే. 2023 మార్చిలో జీపీటీ-4 విడుదల చేసినప్పుడు ఓపెన్‌ఏఐ చూపించిన భాషల పట్టికలో ఆఖరి స్థానం తెలుగుది. పరీక్షలో సరైన జవాబులు ఇంగ్లిషులో 85.5 శాతం, తెలుగులో 62. మరుసటి ఏడాది మేలో జీపీటీ-4ఓ తెచ్చినప్పుడు ఒక చిన్న పరిచయ వచనానికి తెలుగులో పట్టే టోకెన్లను, అంటే ఏఐ వచనాన్ని విడగొట్టుకునే ముక్కలను, 159 నుంచి 45కు తగ్గించామని చెప్పారు. ఇంగ్లిషులో అదే వచనానికి 27 టోకెన్లు ఉండేవి, 24 అయ్యాయి. టోకెన్‌ను బట్టే ధర కాబట్టి అంతకుముందు దాకా తెలుగు మాట ఇంగ్లిషు మాటకన్నా దాదాపు ఆరింతల ఖరీదు. ఈ మెరుగుదల నిజమైనదే. ఇంకా రెండింతల దగ్గరున్నామన్నదీ నిజమే.

నేను ఇంతగా మెచ్చుకున్న ఎస్‌క్యూలైట్ కూడా దీనికి మినహాయింపు కాదు. అందులో పదాలను వెతికిపెట్టే ఎఫ్‌టీఎస్5 అనే భాగం ఉంది. మామూలుగా అమర్చితే అది హల్లులను, అచ్చులను, అంకెలను మాత్రమే మాటలో భాగంగా చూస్తుంది. గుణింతపు గుర్తులను, పొల్లును, సున్నను ఖాళీ జాగాగా తీసుకుని మాటను అక్కడ తెంపేస్తుంది. రొయ్యల యజమాని ‘రైతు’ అని వెతికితే దానికి కనిపించేది ఒక ‘ర’, దాని పక్కన ఒక ‘త’. రాత, రీతి, రోత అన్నీ వరసగా తెచ్చి ముందు పెడుతుంది. పరిష్కారం ఎస్‌క్యూలైట్ సొంత డాక్యుమెంట్లలోనే ఉంది. పట్టిక సృష్టించే ఆదేశంలోనే, ఏ రకం గుర్తులు మాటలో భాగమో చెప్పే ఆప్షన్‌కు గుణింతపు గుర్తుల వర్గాలు రెండింటినీ చేర్చాలి. ఒక్క వరుస. అలా చేశాక ‘రైతు’ అంటే రైతే వస్తుంది. ‘రైతులకు’, ‘రైతుతో’ కూడా దొరకాలంటే మాట చివర నక్షత్రం గుర్తు పెట్టి వెతకాలి. ‘చిన్నరైతు’ దొరకాలంటే మూడేసి సంకేతాలుగా విడగొట్టి సూచిక కట్టే ట్రైగ్రామ్ పద్ధతి 2020 డిసెంబరు నుంచి అందులోనే ఉంది. ఇలాంటి మాటలు ఓ వెయ్యి, వాటికి రావాల్సిన సరైన ఫలితాలు పక్కపక్కన పెట్టి, తెలుగు యాప్ చేసే ఎవరైనా నడిపి చూసుకునేలా ఉచితంగా విడుదల చేయడం ఇద్దరు విద్యార్థులు ఒక వేసవి సెలవుల్లో చేయగల పని.